మా ఇంటి అడ్రసు

నన్ను ఎవరన్న మంచిపిల్ల అంటె నాకు ఒళ్లు మండుతది. మా కొత్తవాడల అందరూ అంటరు. "భారతిని చూడుండ్రి, కాలేజికి పోవుకుంట, లైబ్రరీల పని చేసుకుంట, ఇంటికి ఆసరగ ఉండుకుంట ఎట్ల చదివిందో" అని వాళ్ల పిల్లలకు నన్ను చూపించి చెప్తరు. నేను నవ్వి ఊకుంట. ఆ పని నాకు ఎట్ల దొరికిందో వాళ్లకు తెల్వదు. తెలిసిన మనిషి ఒక్కతే ఉన్నది, ఆమె చచ్చినా చెప్పదు. అందుకే నేనే చెప్తాన్న.

ఆడోళ్లకు బస్సుల టికెట్ మాఫ్ కాకముందటి వానాకాలం అది. నేను, షారోన్ డిగ్రీ రెండో సంవత్సరంల పడ్డం. కాలేజి హనుమకొండల. ఆమె కాజీపేట దిక్కునుంచి వస్తది, నేను కొత్తవాడ దిక్కునుంచి పోత. పొద్దున కలవంగనే షారోన్ అడిగే మొదటి మాట "తిన్నవా?" అని. తినలేదంటె సంచిలకెళ్లి డబ్బా తీసేది. ఆ డబ్బాల ఏముంటదో నాకెరుకే, ఇంత పచ్చిపులుసు అన్నం. అయినా సగం నాకు పెట్టేదాంక ఊకునేది కాదు.

జూన్‌ల కాలేజి తెరిచిన్నాడే ఇద్దరం అనుకున్నం, ఈ యేడు ఏదన్న పార్ట్‌టైం చూసుకోవాలె అని. మా నాయిన మగ్గం మీద దర్రీలు, జంపఖానాలు నేస్తడు. ఆ యేడు ఆర్డర్లు లేవు, మగ్గం వారంల మూడు రోజులు ఖాళీగ ఉంటాంది. షారోన్‌కు నాయినే లేడు. వాళ్లమ్మ ఏసమ్మ నాలుగిండ్లల్ల అంట్లు తోముతది, బట్టలు ఉతుకుతది. ఆమె మోకాళ్లు పట్టుకపోయినయి. "ఇగ నాతోని కాదు బిడ్డా, ఈ యేడు నీ ఖర్చు నువ్వు ఎల్లదీసుకుంటె చదువు, లేకుంటె బంద్ చేసి పనికి పో" అని ఖరాఖండిగ చెప్పింది. అంటె నాకు పని దొరకకపోతె కష్టమైతది, షారోన్‌కు దొరకకపోతె చదువే పోతది. ఈ తేడా నాకు అప్పుడే తెలుసు. తెల్వక చేసిన అని చెప్పుకునే భాగ్యం సూత నాకు లేదు.

మొదలు చౌరస్తాల చీరల దుకాణంకు పోయినం. సేటు మమ్ముల పైనుంచి కిందిదాంక చూసి, "పొద్దున పదింటికి రావాలె, రాత్రి తొమ్మిదింటికి పోవాలె" అన్నడు.

"మేం పార్ట్‌టైం అడుగుతున్నం సార్" అన్న నేను.

"అదేనమ్మా పార్ట్‌టైం. ఫుల్‌టైం వాళ్లు షట్టర్ సూత ఎత్తుతరు, దించుతరు."

రోడ్డు మీదికి వచ్చి షారోన్ కడుపు పట్టుకొని నవ్వింది. ఆ నవ్వుతోటే జిరాక్స్ సెంటర్‌కు పోయినం. తెలుగు టైపింగ్ వస్తదా అంటె షారోన్ వస్తదన్నది. కంప్యూటర్ ముంగట కూసుండబెట్టిండ్రు. ఐదు నిమిషాలు వెతికింది, 'శ్రీ' అక్షరం దొరకలే. "ఇయ్యాల శుక్రవారం సార్, రేపొస్త" అని లేచొచ్చింది. శుక్రవారానికీ దానికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెల్వదు.

తర్వాత ఒక ఫంక్షన్ హాల్ల పెండ్లికి కుదిరినం. గుమ్మం కాడ నిలబడి వచ్చెటోళ్ల మీద పన్నీరు చల్లాలె, నవ్వాలె. కిరాయి లంగాలు ఇచ్చిండ్రు, వాటికి ఎవరిదో చెమట వాసన. పెండ్లికొడుకు దిక్కు చుట్టం ఒకడు మూడుసార్లు బయటికి పోయి మూడుసార్లు లోపలికొచ్చి పన్నీరు చల్లించుకున్నడు, నాలుగోసారి షారోన్ ఫోన్ నంబరు అడిగిండు. ఆమె తడుముకోకుండ ఇచ్చింది.

"పిచ్చిదానివా, ఎందుకిచ్చినవే?" అన్న నేను.

"మా పాస్టర్ గారి నంబరది. ఫోన్ చేస్తె వాక్యం చెప్తడు, బాగుపడ్తడు."

గట్లుండేది షారోన్. ఎవర్ని తిట్టేది కాదు, కాని ఎవరికీ దొరికేది కాదు. ఆ పెండ్లి మేనేజరు మాకు చెప్పిన దాంట్ల సగమే ఇచ్చిండు. మల్ల పోలేదు.

జూలైల లైబ్రరీ తలుపుకు కాయితం అంటించిండ్రు. ఇంటికాడ ఎల్లని విద్యార్థి ఒకరికి లైబ్రరీల పని. క్లాసులు అయినంక మూడు గంటలు, యేడాది పొడుగూత, నెలనెలకు జీతం. అట్ల దొరికినోళ్లకు పరీక్ష ఫీజు సూత కాలేజే కడ్తది. ఊళ్లె ఉండెటోళ్లకే ఇస్తరు, ఎందుకంటె సాయంత్రం ఆరు దాంక ఉండాలె. ఒక్కరికే. ఇద్దరం ఆ కాయితం ముంగట శానసేపు నిలబడ్డం.

"ఇద్దరం పెడ్దాం. ఎవరికొచ్చినా ఒకటే. రానోళ్లు అలగొద్దు" అన్నది షారోన్.

"నేనెందుకు అలుగుత?" అన్న.

మరునాడు ఆదివారం. చర్చి అయినంక షారోన్ మా ఇంటికొచ్చింది. నేను మగ్గం పక్కన కూసొని కండెలు చుడ్తాన్న. చిన్నప్పటి నుంచి నాకు ఆ పనంటె చీదర. నూలు పొట్టు ముక్కులల్ల, వెంట్రుకలల్ల, అన్నంల. షారోన్ వచ్చి నా పక్కన కూసొని, ఇంకో కండె తీసుకొని చుట్టుకుంట మెల్లగ అడిగింది.

"భారతీ, ఫారంల మీ ఇంటి అడ్రసు రాసుకోనా?"

"ఎందుకు? మీ కాజీపేట సూత ఊళ్లెదే గదా."

అప్పుడు చెప్పింది. వాళ్లుండేది రైల్వే క్వార్టర్ల వెనుక అర్రల. ఆ క్వార్టర్ వెంకట్రాజం అనే రైల్వే ఆయన పేరు మీద ఉన్నది. ఆయన సొంతిల్లు కట్టుకొని పోయి, ముందు దిక్కు ఒకలకు, వెనుక అర్ర వీళ్లకు కిరాయికిచ్చిండు. అట్ల ఇచ్చుడు తప్పు. ఆఫీసర్లకు తెలిస్తె ఆయన నౌకరీ మీదికొస్తది, వీళ్లను సామానుతోని సహా బయట పడేస్తరు. అందుకే ఏసమ్మ ఎక్కడా ఆ నంబరు రాయనియ్యదు. ఆధార్ కార్డు మీద కేసముద్రం దిక్కు వాళ్ల ఊరే ఉన్నది. ఆ ఊర్ల ఇల్లు కూలి ఆరేండ్లు. అది రాస్తె దూరపోళ్లని తీసేస్తరు.

"రాసుకో. దానికి అడుగుడెందుకు?" అన్న.

"సార్ అడిగితె?"

"మా ఇంట్లనే ఉంటదని చెప్త."

ఈ మాట అన్నది నేనే. కండె చేతుల పట్టుకొని, ఆమె మొఖం చూసుకుంట అన్న. మా నాయిన మగ్గం గుంటలకెళ్లి "ఉండనీ బిడ్డా, అడ్రసుకు కిరాయా ఏందీ" అని నవ్విండు. షారోన్ ఆ రోజు పొద్దూకిందాంక కూసొని పదో పన్నెండో కండెలు చుట్టి ఇచ్చిపోయింది.

ఆ నెలల వానలు ఎట్ల పడ్డయో ఇక్కడోళ్లకు చెప్పే పనిలేదు. షారోన్ రోజూ పిక్కల దాంక బురదతోని క్లాసుకొచ్చేది. చెప్పులు వరండాల ఇడిచి, నల్ల కింద కాళ్లు కడుక్కొని లోపటికొచ్చేది. నేను ఆటపట్టించేదాన్ని. "బస్సుల వస్తున్నవా, నాట్లేసి వస్తున్నవా?" అని. "మా బస్సుల నాట్లు సూత ఏస్తరు" అనేది ఆమె. సాయంత్రం ఇద్దరం బస్ స్టాపుకు పోయేది. నన్ను నా బస్సు ఎక్కించేదాంక ఉండేది. "నువ్వు పో, నా బస్సు ఎనుక వస్తాంది" అని చెయ్యూపేది. కిటికీలకెళ్లి నేను సూత ఊపేదాన్ని.

నెల ఆఖర్ల ఒక బుధవారం నాడు లైబ్రేరియన్ నయీముద్దీన్ సార్ నన్ను పిలిచిండు. మంచి మనిషి. పుస్తకం మీద నీళ్ల చుక్క పడితె తన రుమాలు తీసి తుడిచే మనిషి. ఎవర్ని చేర్చుకోవాల్నో ఆయన మాటనే ఆఖరు. బల్ల మీద రెండు ఫారాలు పక్కపక్కన పెట్టుకొని కూసున్నడు. ఒకటి నాది, ఒకటి షారోన్‌ది.

"ఇరవై మూడు మంది పెట్టిండ్రు బేటా. అన్ని తీసి తీసి ఆఖరుకు ఈ రెండు మిగిలినయి. చూస్తె రెండిటి మీద ఒక్కటే ఇంటి నంబరు. మీరు అక్కచెల్లెండ్లా ఏంది?"

నేను నవ్విన. చెప్పాల్సిన మాట నోటి మీదనే ఉన్నది. 'మా ఇంట్లనే ఉంటది సార్.' గంతే. అంటె ఐపోతుండె.

సార్ ఎనుక, కిటికీ పక్కన, ఆ పనికొచ్చే పిల్ల కూసునే కుర్చీ కనిపించింది. నీలం రంగు గద్దె ఉన్న కుర్చీ. మీద ఫ్యాన్ తిరుగుతాంది. బల్ల మీద స్టాంపు, సిరా దిండు, రిజిస్టరు. ఆడ నూలు పొట్టు లేదు. ఎవరన్న వచ్చి "మేడం, ఈ పుస్తకం కావాలె" అంటరు. మేడం అంటరు నన్ను. అన్నం లేక కాదు, ఆకలై కాదు. ఆ కుర్చీ కావాలనిపించింది నాకు. సిగ్గు ఇడిచి చెప్తాన్న, అంతకంటె పెద్ద కారణం ఏం లేదు.

"కాదు సార్. ఆమె కాజీపేటల ఉంటది. రైల్వే క్వార్టర్లల్ల" అన్న.

సార్ అద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు. "రైల్వే క్వార్టర్లల్లనా? మరి తండ్రి లేడు అని రాసింది?"

"లేడు సార్."

"అట్లయితె తల్లికి రైల్వే పింఛన్ వస్తుండాలె. అది రాయలే. పైంగ అడ్రసు సూత తప్పు రాసింది."

నేను నేల దిక్కు చూసిన. వాళ్ల నాయిన రైల్వేల పని చేయలే సార్, కేసముద్రం మార్కెట్ల బస్తాలు మోసిండు, వీళ్లు వెనుక అర్రల కిరాయికుంటరు సార్ అని చెప్పొచ్చు. అది చెప్తె వెంకట్రాజం సంగతి బయటపడ్తది, షారోన్ వాళ్లకే నష్టం అని నాకు నేనే చెప్పుకున్న. చూడుండ్రి నా తెలివి. ఆమెను ముంచే మాట అననీకె రాని ఫికర్, ఆమెను కాపాడే మాట అననీకె వచ్చింది. ఒక్క అబద్ధం ఆడకుండ పని చేసుకొని బయటికొచ్చిన.

మధ్యాహ్నం సార్ షారోన్‌ను పిలిపించిండు. నేను మెట్ల కింద నిలబడ్డ. పది నిమిషాలకు వచ్చింది. మొఖం కడుక్కున్నట్టుంది, ముంగురులు తడిగ ఉన్నయి. వచ్చి నా పక్కన మెట్టు మీద కూసున్నది.

"రాదే నాకు" అన్నది.

"ఎందుకు? ఏమన్నడు?" నా గొంతు నాకే వేరే ఎవరిదో లెక్క వినిపించింది.

"నా చేతుల బస్ పాస్ ఉన్నది గదా, అది చూసిండు. దాని మీద కాజీపేట అని ఉన్నది. అడ్రసు తప్పు రాసినవు అన్నడు. మీకు పింఛన్ వస్తది గదా అన్నడు."

"మరి నువ్వేమన్నవు?"

"సారీ సార్ అన్న. ఇంకేం అంట? అసలు సంగతి చెప్తె అమ్మను ఏడ పెట్టాలె నేను?"

నాకు బతికిపోయినట్టైంది. నిజం చెప్తాన్న, అప్పుడు నాకు ముందు వచ్చింది బాధ కాదు. బస్ పాస్, నేను కాదు అని ఊపిరి పీల్చుకున్న.

షారోన్ చున్నీతోని చేతులు తుడుచుకొని నా దిక్కు చూసింది. శానసేపు చూసింది. "నీకొస్తది తియ్. నాకు సంతోషమే" అన్నది. మల్ల సంచిలకెళ్లి డబ్బా తీసింది.

"తిన్నవా?"

తినలేదన్న. సగం పెట్టింది. తిన్న.

ఆగస్టు ఒకటో తారీకు నుంచి నేను ఆ నీలం కుర్చీల కూసున్న. మొదటి వారం పది మంది మేడం అన్నరు, తర్వాత అందరూ భారతీ అనుడు మొదలుపెట్టిండ్రు. షారోన్ రోజూ ఒకసారి వచ్చి బల్ల మీద మోచేతులు పెట్టి నిలబడి పోయేది. కాస్ట్ అకౌంటింగ్ పుస్తకం ఒకటి ఇప్పించుకపోయింది. దాని మీద తారీకు ముద్ర నేనే ఏసిన. సాయంత్రం నాకు ఆరయ్యేది, అందుకని ఆమె ముందే పోయేది. అట్ల మా బస్ స్టాపు ముచ్చట బంద్ అయింది.

సెప్టెంబర్‌ల క్లాసులు తప్పుడు మొదలైంది. వారంల రెండు రోజులు, తర్వాత నాలుగు. ఏందే అంటె అమ్మ ఇండ్లకు నేను పోతాన్న, ఆమెకు మోకాళ్లు లేస్తలేవు అన్నది. నెల నడుమల ఒకరోజు వచ్చి, "హైదరాబాదుకు పోతాన్న భారతీ" అన్నది. "మా చిన్నమ్మ బిడ్డ పనిచేసే బట్టల షాపుల నాకు సూత చూసింది."

"మరి చదువు?"

"ఫుల్‌టైమే. షట్టర్ ఎత్తుడు, దించుడు అన్ని మనయే" అని నవ్వింది. నేను సూత నవ్విన. సార్ కాడికి పోయి చెప్పుదామా, ఇప్పటికైనా చెప్పుదామా అనుకున్న. చెప్తె కుర్చీ పోతది. పోతె పోనీ అనుకునే పాటి మనిషిని కాదు నేను. గప్పుడు కాదు. బతుకమ్మ పండుగ వస్తాంది, మా ఇంట్ల నా జీతంతోని చెల్లెకు గౌను కొనాలని అనుకుంటాండ్రు. అదొక సాకు దొరికింది. షారోన్ పోయింది.

పండుగ అయినంక ఒక శనివారం, క్లాసులు లేక నా డ్యూటీ పొద్దున్నే పడ్డది, పదకొండింటికి ఏసమ్మ లైబ్రరీకి వచ్చింది. గోడ పట్టుకొని, మెట్టు మెట్టుకు ఆగుకుంట ఎక్కొచ్చింది. నేను పోయి చెయ్యి పట్టుకున్న. ఆ చేయి సబ్బు నీళ్లకు నాని చర్మం లేస్తాంది. నా కుర్చీల కూసుండమన్న. "వద్దు బిడ్డా, ఆఫీసు కుర్చీ" అని కింది స్టూలు మీద కూసున్నది.

"టీసీ తీసుకపోదామని వచ్చిన. ఈ కాయితం మీద అన్నికాడ ముద్రలు కావాలెనంట. షారోన్‌కు సెలవు దొరకలే. భారతి ఉంటది, నువ్వు పో అమ్మా, ఆమె నిన్ను నిలబెట్టది, తొందరగ చేసిస్తది అన్నది."

కాయితం చూసిన. కాలేజి ఇడిచిపోయేటోళ్లు ప్రతి డిపార్ట్‌మెంటుల సంతకం పెట్టించుకునే కాయితం. లైబ్రరీ పుస్తకాలు ఏమీ లేవు అని ఒక గడి. ఆ గడిల ముద్ర ఏసుడు నా డ్యూటీ. ఏసమ్మ సంచిలకెళ్లి కాస్ట్ అకౌంటింగ్ పుస్తకం తీసి రెండు చేతులతోని ఇచ్చింది. న్యూస్ పేపర్ అట్ట ఏసి ఉన్నది.

"నేను సూత ఇయ్యాల మూడింటి బండికి పోతాన్న. ఆ వెంకట్రాజం సార్ అర్ర ఖాళీ చేసినం. హైదరాబాదుల పిల్ల ఒక్కతే ఉంటాంది గదా" అన్నది.

"మంచిదమ్మా" అన్న.

"నువ్వన్న చదువు ఆపకు బిడ్డా. మా పిల్ల రోజూ చెప్పేది, భారతికి వచ్చింది అమ్మా, నాకొచ్చినట్టే అని." నా తల మీద చెయ్యి పెట్టి కండ్లు మూసుకొని ప్రార్థన చేసింది. పెదవులు కదిలినయి గని మాటలు వినపడలే. ఆ చెయ్యి ఎప్పుడు తీస్తదా అని నేను ఎదురుచూసిన. తర్వాత సిరా దిండుల స్టాంపు అద్ది, ఆ గడిల ఏసి, కింద నా పేరు రాసిన. ఆమె పోయింది.

పుస్తకం లోపల పెట్టేముందు పేజీలు చూడాలె, చినిగినయా, రాసిండ్రా అని. నడుమల గుర్తుకు పెట్టుకున్న కార్డు ఒకటి జారి పడ్డది. షారోన్ బస్ పాస్. కాజీపేట నుంచి హనుమకొండ. ఫోటోల రెండు జడలు. కింద తారీకు చూసిన. జూన్ ముప్పై దాంక.

నాకు మొదలు అర్థం కాలే. వెనక్కి తిప్పి చూసిన, ముందుకు తిప్పి చూసిన. జూన్ ముప్పై. సార్ ఆమెను పిలిచింది జూలై ఆఖరు. అప్పటికి ఈ పాస్ నెల కింద ఖతమైంది. ఖతమైన పాస్ ఆమె చేతులెందుకుంటది?

సార్ అవతల బల్ల కాడ కొత్త పుస్తకాలకు నంబర్లు అంటిస్తాండు. పోయి నిలబడ్డ.

"సార్, అప్పుడు షారోన్ అడ్రసు తప్పని మీరు బస్ పాస్ చూసి చెప్పిండ్రా?"

"పాసా? ఏం పాసు?" తలెత్తలే ఆయన. "నువ్వు చెప్పినవు గదా బేటా. అదే చెప్పిన ఆ పిల్లకు. మీ దోస్తే చెప్పింది, రైల్వే క్వార్టర్లల్ల ఉంటవని. దాచుడెందుకు, నిజమే గదా?"

"ఆమె ఏమన్నది సార్?"

"ఏమంటది? నిజమే సార్, భారతి అబద్ధం చెప్పదు అన్నది."

నేను నా కుర్చీ కాడికొచ్చిన. కూసోబుద్ది కాలే. ఆమెకు ఆ రోజే తెలుసు. సార్ రూంలకెళ్లి మెట్ల కాడికి వచ్చేలోపల, ఆ పది అడుగులల్ల, మొఖం కడుక్కొని, నా కోసం బస్ పాస్ ముచ్చట కల్పించుకొని వచ్చింది. నేను తలదించుకోవద్దని. వచ్చి డబ్బాల సగం నాకు పెట్టింది. నేను తిన్న. ఆ అన్నం తిన్న నోరు ఇది.

శనివారం లైబ్రరీ మూడింటికే మూస్తరు. బయటికొచ్చి బస్ స్టాపుల నిలబడ్డ. కాజీపేట బస్సు వచ్చింది, ఎక్కలే. ఎందుకో నడవాలనిపించింది. అదాలత్ దాటిన, సుబేదారి దాటిన. నిట్ కాలేజి గోడ ఎంతకూ ఒడువదు. ఫాతిమానగర్ వచ్చేసరికి చెప్పు కొరికి మడిమ కాడ రక్తమొచ్చింది. నడుచుకుంట లెక్క చూసిన. జూన్ పాస్ ఖతమైనంక మల్ల పాస్ తీసుకునే పైసలు లేవు ఆమెకు. జూలై, ఆగస్టు, సెప్టెంబర్. పొద్దున ఇటు, సాయంత్రం అటు, ఆ వానల. నన్ను బస్సెక్కించి, నా బస్సు ఎనుక వస్తాంది పో అని చెయ్యూపి, అక్కడనుంచి ఈ రోడ్డు పట్టుకొని నడిచేది. నేను కిటికీ పక్కన సీటు దొరికిందా లేదా అని చూసుకునేదాన్ని. నాట్లేసి వస్తున్నవా అని నవ్విన నేను.

క్వార్టర్ల కాడికి పోయేసరికి ఐదు దాటింది. వెనుక అర్రకు తాళం. గుమ్మం మీద చాక్‌పీసుతోని ఏసిన సిలువ గుర్తు అట్లనే ఉన్నది. దండెం మీద క్లిప్పులు నాలుగు ఊగుతున్నయి. ఆ తలుపు ముంగట నిలబడి ఫోన్ చేసిన. శనివారం సాయంత్రం, షాపుల గిరాకీ టైం. ఎత్తదనుకున్న. ఎత్తింది.

"ఏందే భారతీ? తిన్నవా?"

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్న.

"అమ్మ వచ్చిందా లైబ్రరీకి? ముద్ర ఏసినవా?"

"ఏసిన."

"మంచిది. ఏడున్నవు? బండ్ల సప్పుడు వస్తాంది."

"కాజీపేటల. మీ ఇంటి ముంగట."

"ఆడెందుకున్నవే? అమ్మ పోయింది గదా."

"నడిచొచ్చిన" అన్న. "కాలేజి నుంచి."

అవతల దిక్కు షాపుల పాటలు, ఎవరో చీర మడత ఇప్పుతున్నట్టు పటపట సప్పుడు వినిపిస్తనే ఉన్నయి. ఫోన్ కట్ అయిందేమో అని చూసిన. కాలే. చెప్పాలె. ఇప్పుడే చెప్పాలె. నేనే చెప్పిన షారోన్, కుర్చీ కోసం చెప్పిన, నన్ను తిట్టు, ఏదన్న అను. నోరు తెరిచిన.

"భారతీ" అన్నది ఆమె ముందే, మెల్లగ. "కాళ్లు నొస్తయి. పోయేటప్పుడు బస్సుకు పో. పైసలున్నయా?"

"ఉన్నయి."

"సరే మరి. సూపర్‌వైజర్ చూస్తాండు" అని పెట్టేసింది.

తర్వాత మేం శానసార్లు మాట్లాడినం. నేను డిగ్రీ పాసైన్నాడు ఆమెనే ముందు ఫోన్ చేసింది. పోయిన యేడు పెండ్లైతె కార్డు మా ఇంటి అడ్రసుకే పంపింది. పోయిన, ఫోటో దిగిన, తిన్న. ఒక్క మాట మాత్రం చెప్పలే. నేను మొదలుపెడ్తె ఆమె వేరే ముచ్చట తీస్తది. అట్ల తీస్తదని నాకు తెలుసు, తీసినప్పుడు నేను సంతోషంగ ఊకుంట. అది సూత ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రం మాత్రం క్వార్టర్ల ముంగట స్టాపుల బస్సు వచ్చింది. ఎక్కిన. కిటికీ పక్కన సీటు ఖాళీగనే ఉన్నది. కూసోలే. కొత్తవాడ దాంక నిలబడే పోయిన.